కలబంద కుండీ కింద తాళంచెవి

మీతో చెప్పుకోడానికి నాకు సిగ్గేమీ లేదు. ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకీ తెలిసిపోయి, వాళ్ళ ద్వారా ఎదురింటి పిన్నిగారికీ, కింద వాచ్‌మన్‌కీ, తెనాలిలో ఉన్న మా మరదలికీ తెలిసిపోయాక ఇంక మీ దగ్గర దాచి నేను బావుకునేదేముంది?

నాకో దురలవాటుంది. సిగరెట్టూ పేకాటా కాదు. అవైతే ఎప్పటికైనా మానేసేవాణ్ణి. సస్పెన్స్ సినిమా చూస్తూ దోషి ఎవరో ముందే చెప్పెయ్యడం నా జబ్బు. నేను చెప్పినవాడు తీరా దోషి కాకపోవడం వేరే సంగతి. చెప్పడం వరకే నా బాధ్యత. "చూడు, ఆ డాక్టరే చేశాడు" అంటాను. పది నిమిషాలకి ఆ డాక్టరు బావిలో శవమై తేలతాడు. "చూశావా, అందుకే వాణ్ణి చంపేశారు" అంటాను. నా పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు ఇంటర్వెల్ తరవాత వేరే సీటు వెతుక్కోవడం నాకు కొత్త కాదు.

ఈ విద్య నాకు పెళ్ళికి ముందునుంచీ ఉంది. పెళ్ళయ్యాక దానికి కదలకుండా కూర్చునే ప్రేక్షకురాలు దొరికింది, అంతే.

అది 2002. చిక్కడపల్లిలో రెండు గదుల వాటా. ఉద్యోగం కొత్త, పెళ్ళాం కొత్త, ప్రెషర్ కుక్కరు కొత్త. మూడింటితోనూ ఎప్పుడు ఈల వినాల్సొస్తుందో అని భయంభయంగా మెలిగే రోజులు. జూలై మొదటి వారం. ఇంకో వారం తిరిగితే ఆషాఢం. మామగారు తెనాలి నుంచి వచ్చి అమ్మాయిని తీసుకుపోతారు. నెల్లాళ్ళ ఎడబాటు. ఈలోగా మా ఆవిణ్ణి ఓ మంచి ప్రేమకథకి తీసుకెళ్ళి, నెల్లాళ్ళూ నన్నే తలుచుకునేలా చెయ్యాలని నా పథకం. సరిగ్గా జూలై 5న 'హమ్‌రాజ్' విడుదలైంది. పోస్టరు మీద బాబీ డియోల్, అక్షయ్ ఖన్నా, మధ్యలో అమీషా పటేల్. అంతకు రెండేళ్ళ ముందే 'బద్రి'లో చూసిన అమ్మాయి. ఇద్దరబ్బాయిలు, ఒకమ్మాయి. ఇంతకన్నా ప్రేమకథ ఏముంటుందని రెండు బాల్కనీ టిక్కెట్లు తీసుకున్నాను.

తీరా లోపలికెళ్ళాక తెలిసింది, అది కట్టుకున్న పెళ్ళాన్ని చంపించాలని చూసే మొగుడి కథ అని. ఆషాఢానికి ముందు కొత్త పెళ్ళికూతురికి నేను చూపించిన సినిమా అది.

తీసినవాళ్ళు అబ్బాస్–మస్తాన్. ఎప్పుడు చూసినా తెల్లబట్టల్లో కనిపించే అన్నదమ్ములు. కథలు మాత్రం బొగ్గుతో రాస్తారు. వాళ్ళ 'బాజీగర్' చూసి కూడా నాకు జ్ఞానం రాలేదంటే, అది నా ముఖాన రాసిపెట్టిన రాత.

మా ఆవిడకి అప్పట్లో హిందీ రాదు. నేను ప్రచార సభ వారి ప్రాథమిక, మధ్యమ పాసై, రాష్ట్రభాష దగ్గర ఆగినవాణ్ణి. కాబట్టి అనువాదం నా బాధ్యత అయింది. ఓడ మీద ఆడిపాడే డాన్సు బృందం, ఆ బృందంలో ఈ అమ్మాయి, బృందాన్ని నడిపే అక్షయ్ ఖన్నా, అమ్మాయిని చూసి మనసుపడ్డ కోటీశ్వరుడు బాబీ డియోల్. అక్షయ్ ఖన్నా ఆ అమ్మాయిని కోటీశ్వరుడికి దగ్గర చేస్తున్నాడు. నేను మా ఆవిడ చెవిలో ఊదాను: "పాపం, ఆ అబ్బాయికి ఆ పిల్లంటే ప్రాణం. కానీ తన దగ్గర డబ్బు లేదు కదా, ఆ అమ్మాయి సుఖం కోసం త్యాగం చేస్తున్నాడు."

తప్పు నాది కాదండీ, నన్ను పెంచిన సినిమాలది. మనవాళ్ళు ముక్కోణపు ప్రేమకథ తీస్తే మూడో కోణానికి త్యాగం తప్పదు. దేవదాసు దగ్గుతూనే పోయాడు. 'ప్రేమాభిషేకం'లో అక్కినేని తనకి కాన్సరని తెలిసి, ప్రేమించిన అమ్మాయి చేతే ఛీకొట్టించుకోడానికి ఎంత నాటకమాడాడు! 1981లో ఆ సినిమాకి మా అమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఏడిస్తే, చెమటేమో అనుకున్నాను. అలాంటి అమ్మల ఒడిలో పెరిగినవాడికి, ఒక హీరో పక్కకి తప్పుకుంటుంటే త్యాగం కాక మరేం కనిపిస్తుంది? నేను అక్షయ్ ఖన్నా ఎప్పుడు దగ్గుతాడా అని కాచుకుని కూర్చున్నాను.

మా ఆవిడ పాప్‌కార్న్ నములుతూ నెమ్మదిగా అంది: "ఆ అబ్బాయి త్యాగమేం చెయ్యట్లేదండీ. ఆ పిల్లా అతనూ కూడబలుక్కున్నారు. పెళ్ళి చెయ్యాలని అతను పడే తొందర మా ఊరి పెళ్ళిళ్ళ పేరయ్యక్కూడా ఉండదు."

నేను నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తే. "నీకు భాష రాదు కదా, అందుకని" అన్నాను.

కాసేపటికి తెర మీద సంగతి బయటపడింది. అక్షయ్ ఖన్నా, అమీషా ముందునుంచీ ప్రేమికులే. డబ్బున్నవాణ్ణి పెళ్ళి చేసుకుని, ఆ డబ్బుతో బయటపడాలని ఎత్తు. హాల్లో అందరూ "హా!" అన్నారు. నేనూ "హా!" అన్నాను. ఒక్క మా ఆవిడ మాత్రం పాప్‌కార్న్ పొట్లం అడుగున ఉప్పు వెతుక్కుంటోంది.

ఆ తరవాత అమ్మాయి మొగుణ్ణి నిజంగానే ప్రేమించడం మొదలెట్టడం, మొగుడికి పాత సంగతి తెలిసిపోవడం, తెలిసినవాడు తిన్నగా పెళ్ళాం ప్రియుడి దగ్గరికే వెళ్ళి నా భార్యని చంపిపెట్టమని బేరం పెట్టడం! ఏం మలుపండీ అది. నేను కుర్చీ అంచుకొచ్చేశాను. మా ఆవిడ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, "వాడు స్వయంగా వెళ్ళడు, ఇంకొకణ్ణి పంపిస్తాడు, చూడండి" అంది. వాడు ఇంకొకణ్ణే పంపించాడు.

ఆటోలో అడిగాను, ఎలా కనిపెట్టావని. ఎమ్మెస్సీ లెక్కలు చదివిన పిల్ల. "త్రిభుజంలో రెండు కోణాలు తెలిస్తే మూడోది తెలియడానికి మూడు గంటలు కూర్చోవాలా?" అంది. కాసేపాగి, "డబ్బున్న మగవాళ్ళు ఇలా పెళ్ళాల్ని చంపిస్తారా అండీ?" అని కూడా అడిగింది. "ఛ, మన దగ్గర డబ్బెక్కడుంది?" అని ధైర్యం చెప్పాను. ఆ ఆషాఢమంతా తెనాలిలో నా అనువాదం గురించే చెప్పుకుని నవ్వుకున్నారట. నన్నే తలుచుకోవాలన్న పథకం ఆ రకంగా నెరవేరింది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఇరవై ఏళ్ళు దాటినా నాకు బుద్ధి రాలేదని మీకు ముందే తెలియాలి.

ఇప్పుడు మేం బెజవాడలో ఉంటున్నాం. మూడో అంతస్తులో ఫ్లాటు. మా ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. అమ్మాయికి ఇరవై రెండు నిండాయి, ఉద్యోగం చేసుకుంటోంది. నాకు షుగరు. ఆస్తుల వివరాలు ఇంతే.

ఈ వేసవిలో డాక్టరుగారు నా రిపోర్టులు చూసి, రోజూ సాయంత్రం ముప్పావుగంట నడవకపోతే మందు బిళ్ళలు రెట్టింపు చేస్తానన్నాడు. బెజవాడలో మే నెలలో సాయంత్రం ఆరింటికి నడవడమంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. సూర్యుడు ఇంటికి పోయినా తారు రోడ్డు మాత్రం డ్యూటీలోనే ఉంటుంది. మా ఆవిడ సెలవులు కదాని గుళ్ళో నలభై రోజుల లలితా సహస్రనామ పారాయణలో చేరింది. సాయంత్రం ఆరింటికి తలుపు తాళం వేసి, ఇద్దరం కలిసి లిఫ్టు దిగి, ఆవిడ కుడివైపు గుడికి, నేను ఎడమవైపు పార్కుకి. తాళంచెవి ఆవిడ దగ్గరే. నాకు ఇంటి తాళంచెవి ఇవ్వడం మా ఇంట్లో ఎప్పుడో మానేశారు. 2016 కృష్ణా పుష్కరాల్లో స్నానం చేస్తూ పాపాలతోపాటు తాళంచెవి కూడా నదిలో వదిలేశాను. ఇంకోసారి రైతుబజార్లో బెండకాయల తూకంలో పెట్టి మర్చిపోయాను. అప్పట్నుంచి నాకు తాళంచెవి ఇవ్వరు, తాళంచెవి ఎక్కడుందో కూడా చెప్పరు.

కానీ ఒకరోజు నేను మెట్లెక్కి వస్తుంటే, అమ్మాయి తలుపు పక్కనున్న కలబంద కుండీ ఎత్తి, కిందనుంచి ఏదో తీసి తలుపు తెరవడం చూశాను. అది డూప్లికేటు తాళంచెవి. అమ్మాయి వేళగాని వేళ వస్తుంది కదాని దానికోసం పెట్టారు. నేను చూసినట్టు వాళ్ళకి తెలియదు. ఒక్కసారి, జీవితంలో ఒక్కసారి, మా ఇంట్లో నాకు తెలిసి వాళ్ళకి తెలియని సంగతంటూ ఒకటి పుట్టింది. ఆ రోజు నేను నడిచిన నడక మీరు చూడాల్సింది.

ఇంక నేరం వివరాలు. ఆరింటికి దిగడం. ఆవిడ సందు మలుపు తిరిగేదాకా చెప్పు తెగినట్టు వంగి నిలబడడం. వెంటనే లిఫ్టులో పైకి. కుండీ ఎత్తడం, తాళంచెవి తీయడం, తలుపు తెరవడం. ఏసీ వేసి, దిండు ఎత్తు పెట్టుకుని, టీవీలో ఓ సస్పెన్స్ సినిమా. ఏడూ ఇరవైకి ఫోన్లో అలారం. లేచి ఏసీ ఆపి, చొక్కా వీపు మీదా చంకల్లోనూ కుళాయి నీళ్ళు చల్లుకోవడం, నుదుటి మీద నాలుగు చుక్కలు. తాళం వేసి, తాళంచెవి కుండీ కింద యథాస్థానంలో పెట్టి, మెట్ల మీదుగా దిగడం. మెట్లు ఎందుకంటే ఆయాసం నిజంగా రావాలి కదా. ఏడున్నరకి ఆవిడ గేటు దగ్గరికొచ్చేసరికి నేను రొప్పుతూ ఎదురు. "అబ్బ, ఇవాళ ఆరు రౌండ్లు" అనేవాణ్ణి. ఆవిడ నా నుదుట కుంకుమ పెట్టేది.

ఇలా మూడు వారాలు. ఒక్కరోజు అలారం వినపడక ఏడున్నర దాటాక లేచాను. కిందికి పరుగెత్తేసరికి ఆవిడ లిఫ్టు దగ్గరుంది. నా చెంప వంక కాసేపు చూసింది. ఏమీ అనలేదు. నేను బతికిపోయాననుకున్నాను.

ఆ ఆదివారమే మా అమ్మాయి రాత్రి భోజనాలయ్యాక రిమోట్ పట్టుకుని, "నాన్నా, మీ హనీమూన్ సినిమాకి తాతయ్యని చూపిస్తా రా" అంది. హమ్‌రాజ్‌ని ఇంట్లో అలాగే పిలుస్తారు.

అప్పుడు తెలిసింది నాకు. మా హమ్‌రాజ్ వెనక 1998లో వచ్చిన 'ఎ పర్ఫెక్ట్ మర్డర్' ఉందిట. మైకేల్ డగ్లస్ మొగుడు, గ్వినెత్ పాల్‌ట్రో పెళ్ళాం, కథ న్యూయార్కులో. మొగుడు పెళ్ళాం ప్రియుడికే హత్య పురమాయించే మలుపు అందులోదే. దాని వెనక 1954లో హిచ్‌కాక్ తీసిన 'డయల్ ఎం ఫర్ మర్డర్'. దానికీ వెనక ఫ్రెడరిక్ నాట్ అనే ఆయన రాసిన నాటకం, 1952లో లండన్‌లో ఆడింది. మధ్యలో 1985లో ఇదే కథ హిందీలో డింపుల్ కపాడియా, రాజ్ బబ్బర్‌లతో 'ఐత్‌బార్' అయింది. అదే ఏడు తమిళంలో మన కట్టప్ప సత్యరాజ్‌తో 'సావి' అయింది. సావి అంటే తాళంచెవే. ఒక్క తాళంచెవి ఇన్ని ఊళ్ళు తిరిగింది. నేనైతే కృష్ణ ఒడ్డు దాకా తీసుకెళ్ళి తిరిగి తేలేకపోయాను.

ఇక్కణ్ణుంచి నేను మలుపులన్నీ చెప్పేస్తాను. డెబ్బై ఏళ్ళు దాటిన సినిమా. మీరింకా చూడలేదంటే తప్పు నాది కాదు.

హిచ్‌కాక్ పెద్ద ఆర్భాటమేమీ చెయ్యలేదు. లండన్‌లో ఒక ఫ్లాటు, దాదాపు కథంతా ఆ ముందుగదిలోనే. టోనీ టెన్నిస్ ఆట మానేసిన మొగుడు, ఆ పాత్రకి రే మిలాండ్. డబ్బున్న పెళ్ళాం మార్గో, గ్రేస్ కెల్లీ. ఆవిడ ప్రేమించిన మార్క్ అమెరికా నుంచి వచ్చిన డిటెక్టివ్ నవలల రచయిత. అప్పట్లో దీన్ని త్రీడీలో తీశారట. త్రీడీ అనగానే నాకు చిన్నప్పుడు కళ్ళజోడు పెట్టుకుని చూసిన 'చిన్నారి చేతన' గుర్తొచ్చి, ఐస్‌క్రీమ్ ముక్కుదాకా ఎలా వచ్చేదో ఐదు నిమిషాలు చెప్పాను. అమ్మాయి సినిమా ఆపి, నేను పూర్తిచేశాక మళ్ళీ పెట్టింది. అంత ఓపిక ఎందుకు చూపిస్తోందని నాకప్పుడే అనుమానం రావాల్సింది.

"ఆ రచయితే హంతకుడు" అన్నాను.

"నాన్నా, హంతకుడెవరో సినిమానే చెప్పేస్తుంది. మొగుడే" అంది.

నిజమే. మొదటి అరగంటలోనే టోనీ తన పాత క్లాస్‌మేట్ స్వాన్‌ని పిలిపించి, వాడి పాత తప్పులు చూపించి బెదిరించి, వెయ్యి పౌన్లకి బేరం కుదిర్చి, హత్య ఎలా చెయ్యాలో నిదానంగా వివరిస్తాడు. పెళ్ళాం తాళంచెవి తాను కాజేసి, బయట మెట్ల మీద తివాచీ కింద పెడతాడు. వాడు దాంతో తలుపు తీసుకుని లోపలికొచ్చి తెర వెనక దాక్కోవాలి. టోనీ పార్టీ నుంచి ఫోన్ చేస్తాడు. ఆవిడ ఫోనెత్తడానికి రాగానే పని కానిచ్చెయ్యాలి.

నాకు చిరాకేసింది. అన్నీ ముందే చెప్పేస్తే నేను చెప్పడానికేం మిగిలింది? అప్పుడు అమ్మాయి నాకో పాఠం చెప్పింది. త్రుఫో అనే ఫ్రెంచి దర్శకుడికి హిచ్‌కాక్ చెప్పిన సంగతిట. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని కబుర్లాడుతున్నారు. ఉన్నట్టుండి బల్ల కింద బాంబు పేలింది. అది ఒక్క క్షణం ఉలికిపాటు, సర్‌ప్రైజ్. అదే బాంబుందని ప్రేక్షకుడికి ముందే తెలిసి, కూర్చున్నవాళ్ళకి తెలియకపోతే, వాళ్ళు ఆడే పిచ్చాపాటీ అంతా ప్రేక్షకుడికి చెమటలు పట్టిస్తుంది. అది సస్పెన్స్.

"బాగుంది" అన్నాను, నేను బల్ల దగ్గర కూర్చున్నానన్న సంగతి తెలియక.

మా ఆవిడ మర్నాటికి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఓ కన్నేసి చూస్తోంది. మార్గో ప్రేమలేఖ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంటే అది మొగుడి చేతికి చిక్కిందని తెలిసి, "ఉత్తరం బ్యాగులో పెట్టుకు తిరుగుతారా ఎవరైనా? బియ్యం డబ్బా అడుగున పెట్టుకోవాలి గానీ" అంది. ఇరవై ఏళ్ళ కాపురంలో మొదటిసారి నేను మా బియ్యం డబ్బా వంక పరీక్షగా చూశాను.

టోనీ పథకం తప్పింది. వాడి చేతిగడియారం ఆగిపోయింది, ఫోను ఆలస్యమైంది. గడియారమే కదా అని మీరు తేలిగ్గా తీసుకోవచ్చు. అలారం వినపడని నాబోటివాడికి మాత్రం వాడి మీద సానుభూతి పొంగుకొచ్చింది. తీరా స్వాన్ మీదపడేసరికి మార్గో చేతికి కత్తెర దొరికింది. చచ్చింది వాడే. టోనీ గబగబా ఇంటికొచ్చి, పోలీసులు రాకముందే శవం జేబులోంచి తాళంచెవి తీసి, పెళ్ళాం బ్యాగులో వేసేశాడు.

"అది ఆ తాళంచెవి కాదు" అంది మా ఆవిడ, చిక్కుడుకాయ మీదనుంచి కళ్ళెత్తకుండా.

"ఎందుకు కాదు? జేబులోంచి తీశాడు, చూశాంగా" అన్నాను.

"తలుపు తెరిచినవాడు ఎక్కడ తీసిన తాళంచెవి అక్కడే పెట్టేసి లోపలికొస్తాడు. జేబులోది వాడి సొంతిల్లుది. లోకంలో అందరూ మీలా పారేసుకోరు."

సరిగ్గా అదే. సినిమా మొత్తానికి ఇరుసు అదే. ఇన్‌స్పెక్టర్ హబ్బర్డ్ దాన్ని కనిపెట్టేసరికి మార్గోకి ఉరిశిక్ష పడి, తెల్లవారితే అమలుచేసేదాకా వచ్చింది. మా ఆవిడకి నాలుగు చిక్కుడుకాయలు పట్టింది.

చివరి ఘట్టం చూడాలి మీరు. ఇన్‌స్పెక్టరు రెయిన్‌కోట్లు తారుమారు చేసి టోనీ తాళంచెవి కాజేస్తాడు. మార్గోని జైలునుంచి రప్పిస్తాడు. ఆవిడ బ్యాగులో తాళంచెవి పెట్టి తిప్పితే తలుపు రాదు. మెట్ల మీద తివాచీ సంగతి ఆవిడకి తెలియదు. తెలియదు కాబట్టే నిర్దోషి. తరవాత టోనీ వస్తాడు. పెళ్ళాం బ్యాగులోని తాళంచెవి అతనికీ పనిచెయ్యదు. వెనక్కి తిరుగుతాడు, ఆగుతాడు, ఆలోచిస్తాడు. లోపల చీకట్లో అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నారు. మెల్లిగా వచ్చి, తివాచీ కింద చెయ్యి పెడతాడు. తలుపు తెరుస్తాడు. అయిపోయింది. తాళంచెవి ఎక్కడుందో ఎవడికి తెలుసో వాడే దొంగ.

నేను తొడ చరిచాను. "ఎంత తెలివితక్కువవాడు! నేనయితేనా, నాకేం తెలియనట్టు నిలబడి తాళాలు బాగుచేసేవాణ్ణి పిలిపించేవాణ్ణి. ఇలాంటి చవకబారు ఉచ్చులో నేను చచ్చినా పడను."

తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు నేను గమనించాను. నా తెలివికి ముచ్చటపడుతున్నారనుకున్నాను.

మళ్ళీ శనివారం. రోహిణి కార్తె. ఏడున్నరకి యథాప్రకారం గేటు దగ్గర కుళాయి చెమటతో నేను, కుంకుమ పొట్లంతో ఆవిడ. పైకెళ్ళాం. తలుపు ముందు నిలబడి ఆవిడ బ్యాగు వెతికింది. మళ్ళీ వెతికింది. కొంగు ముడి చూసుకుంది.

"ఏమండీ, తాళంచెవి గుళ్ళోనే వదిలేసినట్టున్నాను. అమ్మాయి వచ్చేసరికి తొమ్మిదవుతుంది. కిలోమీటరున్నరే కదా, మీరొకసారి వెళ్ళి తెచ్చిపెట్టరూ? మీకెలాగూ నడక అలవాటైపోయింది."

కిలోమీటరున్నర. రానూ పోనూ మూడు. ఆ వేడిలో. గంటకి పైగా ఏసీలో ఉండి వచ్చిన ఒళ్ళు అది. ఆ క్షణంలో నా బుర్రలో హిచ్‌కాక్ లేడు, హబ్బర్డ్ లేడు, ఆదివారం చూసిన సినిమాయే లేదు. తారు రోడ్డు ఒక్కటే ఉంది.

"ఎందుకే అంత దూరం" అంటూ వంగి కలబంద కుండీ ఎత్తాను.

తాళంచెవి నా చేతిలో ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. నేను కుండీ దించలేదు. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. కలబంద ముల్లు మోచేతికి గుచ్చుకుంటే తెలివొచ్చింది.

"తలుపు తీయండి" అంది, క్లాసులో బోర్డు దగ్గరికి పిలిచినట్టు.

తీశాను. ముందుగదిలో దీపం లేదు. సోఫాలో కూర్చుని ఉంది మా అమ్మాయి. టీపాయ్ మీద వాళ్ళమ్మ తాళంచెవి. "రా నాన్నా" అంది. ఆ పూట అసలు ఆఫీసుకే వెళ్ళలేదట. ఎదురింటి పిన్నిగారి తలుపు కంతలోంచి ఇద్దరూ వంతులేసుకుని చూశారట నా కార్యక్రమమంతా. నేను దిగిన నిమిషానికి అది ఇటొచ్చి కూర్చుంది. పిన్నిగారు కూడా వచ్చారు వెనకాలే, ముగింపు తప్పిపోతుందని.

మా ఆవిడ దత్తాంశం, సారాంశం, ఉపపత్తి వరసగా చెప్పుకొచ్చింది. నిజంగా చెమట పట్టిన చొక్కా ఆరితే వీపు మీద తెల్లగా ఉప్పు చారికలు కడతాయి. నా చొక్కాలు ఇస్త్రీకి వేసుకోవచ్చు, అంత శుభ్రం. ఆ రోజు లిఫ్టు దగ్గర నా చెంప మీద ఉన్నది దిండు గలీబు అంచు కుట్టు. అమ్మాయి సాక్ష్యం: టీవీలో సగం చూసి వదిలేసిన సినిమాలు పదమూడు, ఒక్కొక్కటీ గంటా పది నిమిషాల దగ్గర ఆగి ఉన్నాయి. "హంతకుడెవరో తెలియకుండా నువ్వు పదమూడు సినిమాలు ఎలా వదిలేశావు నాన్నా?" అని అడిగింది. తెలుసు కాబట్టి, అన్నాను. నా ఆత్మగౌరవం అంతటితో సరి.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"రెండోరోజు నుంచి" అంది మా ఆవిడ.

"మరి మూడు వారాలు చెప్పలేదేం?"

"సస్పెన్స్ మాది నాన్నా" అంది మా అమ్మాయి. "సర్‌ప్రైజ్ నీది."

ఆదివారం ఆ సినిమా పెట్టింది కూడా అందుకేనట. నాకొక అవకాశం ఇచ్చి చూద్దామని వాళ్ళమ్మే అందట. సినిమా చూసైనా బుద్ధి తెచ్చుకుని మానేస్తే వదిలేద్దాం అని. నేను తొడ చరిచాక ఇంక వదలబుద్ధి కాలేదట. హమ్‌రాజ్ అంటే రహస్యం పంచుకునే ఆప్తుడని నేను చిక్కడపల్లిలో మా ఆవిడకి అర్థం చెప్పాను. ఆ ఒక్క మాటా సరిగ్గానే అనువదించానని ఆ పూట తెలిసింది. మా అపార్ట్‌మెంటు నిండా హమ్‌రాజ్‌లే. నేనొక్కణ్ణే కాదు.

పట్టుబడ్డాక టోనీ గింజుకోలేదు, అరవలేదు. గ్లాసు తీసి తాను పోసుకుని, తక్కినవాళ్ళకీ కావాలా అని అడిగాడు. పెద్దమనిషి. నేనూ వంటింట్లోకెళ్ళి నలుగురికీ కాఫీ కలిపాను. నా కాఫీలో పంచదార వెయ్యలేదు. వేసుకోబోతుంటే మూడు దగ్గులు వినపడ్డాయి. త్యాగం చేసింది కూడా నేనే, దగ్గింది మాత్రం వాళ్ళు.

ఇప్పుడు సాయంత్రం పూట మా ఆవిడతోపాటు గుడిదాకా నడిచి, పారాయణ అయ్యేవరకూ ప్రదక్షిణాలు చేసి, మళ్ళీ ఆవిడతోనే నడిచి వస్తున్నాను. చొక్కాల మీద ఉప్పు చారికలు కడుతున్నాయి. ఆవిడ ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూసి, సంతకం చేసినట్టు బకెట్లో వేస్తోంది.

డూప్లికేటు తాళంచెవి చోటు మార్చారు. ఎక్కడ పెట్టారో నాకు చెప్పలేదు. కలబంద కుండీ కింద లేదు. పాల సంచిలోనూ, చెప్పుల స్టాండు వెనకా లేదు. చూశాను.